పడుగు వీధిలో పచ్చ దీపం

సైన్సు దినోత్సవం వచ్చిందంటే నాకు కడుపులో మంట మొదలవుతుంది. వయసు వల్ల వచ్చిన మంట కాదు, డాక్టరుకు చూపించినాను. ఆ రోజు బడుల్లో పిల్లలు అట్టముక్కలతో అగ్నిపర్వతాలు కట్టి, వాటి నోట్లో వంటసోడా వేసి, నిమ్మరసం పిండి పొంగిస్తారు. పెద్దలు చప్పట్లు కొడతారు. సాయంత్రానికి ఆ అగ్నిపర్వతాలన్నీ చెత్తకుప్ప మీద ఉంటాయి. ఈ ఏడు మా ఎమ్మిగనూరులో ఒక బడివాళ్ళు నన్నూ పిలిచినారు. ప్రయోగశాలలో జీవితమంతా గడిపిన పెద్దాయన రెండు మంచి మాటలు చెబుతాడని మైకులో చెప్పి, చెవిలో మాత్రం "తొందరగా ముగించండి" అన్నారు.

నేను మొదలుపెట్టకముందే తొమ్మిదో తరగతి పాప ఒకతె లేచింది. "తాతా, సైన్సు చదివి మా ఊరికి ఏమన్నా మేలు చెయ్యాలంటే ఏం చెయ్యాల?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల హెడ్మాస్టరు మైకు లాక్కుని, "బాగా చదువుకోవాలమ్మా, కూర్చో" అన్నాడు. పాప కూర్చుంది. జవాబు నా దగ్గరే మిగిలిపోయింది. అది మైకులో చెప్పి ముగించేది కాదు. అందుకే రాస్తున్నాను. ఆ పాప చదివినా సరే, ఆ పాపలాంటి ఇంకొకరు చదివినా సరే.

నా సంగతి ముందు చెప్పాలి. ఐదో తరగతి తర్వాత బడి నన్ను వదిలేసింది, నేను మాత్రం దాన్ని వదల్లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పెరిగినవాణ్ణి. తర్వాత ఆదోనిలో ఒక కళాశాలలో ల్యాబ్ అటెండరుగా చేరినాను. ఏ కళాశాల అని అడగొద్దు, చెప్పను. నా పని గదులు ఊడ్చడం, సీసాలు కడగడం, బీరువాలకు తాళాలు వేయడం. పిల్లలు పారేసిపోయిన పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివినాను. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోయేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత. కండక్టర్లు నన్ను ఎగతాళిగా "ప్రొఫెసర్ సాబ్" అనేవాళ్ళు. నేను దాన్ని నిజంగానే తీసుకున్నాను.

ఉద్యోగంలో నాకు నచ్చని పని తాళం వేయడం. వోల్టు మీటర్లు, తరాసులు, సూక్ష్మదర్శినులు అన్నీ అద్దాల బీరువాల్లో పెండ్లికూతుళ్ళలాగ కూర్చుని ఉండేవి. పగిలితే ఎవరిది బాధ్యత అని భయం. తనిఖీకి వచ్చినప్పుడు తీసి తుడవడం, పోయినాక లోపల పెట్టి తాళం. పిల్లలు బొమ్మ గీసి పరీక్ష రాసేవాళ్ళు. మీటరు ముల్లు కదలడం చూడకుండానే డిప్లొమా చేతికి వచ్చినవాళ్ళను నేను చాలామందిని చూసినాను.

నా ఉద్యోగం ముగిసే రోజులు దగ్గరపడినప్పుడు ఒక పాప వచ్చింది. ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం. మా ఎమ్మిగనూరు పాపే, చేనేత వాళ్ళ ఇంటిది. ఒకనాడు నేను బీరువా మూస్తుంటే వాకిట్లో నిలబడింది.

"పెద్దనాయనా, ఆ మీటరు ఒకసారి ఇస్తావా? ఇక్కడనే కూర్చుని చూసుకుంటా."

"ఎందుకు?"

"గాలిని కొలవాల."

"గాలిని కొలిచేదేమి అమ్మీ, తక్కెట్లో పెడతావా?" అన్నాను. ఆ పాప నవ్వలేదు. వెనకాల ఇంకొక పిల్లోడు ఉన్నాడు. కోసిగి వైపువాడు. వాళ్ళమ్మానాయనా పంటల కాలంలో పనికి వలస పోతే వీడు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. వాడి చేతిలో ఒక సంచి. అందులోనుంచి పిల్లలాడుకునే ప్లాస్టిక్ బంతులు తీసినాడు, సగానికి కోసినవి. వాటిని పుల్లలకు గుచ్చి ఇరుసు మీద పెట్టి నోటితో ఊదినాడు. గిర్రున తిరిగింది.

"ఎంత జోరుగా తిరిగితే అంత గాలన్నా" అన్నాడు.

అప్పుడు ఆ పాప సంగతంతా చెప్పింది. మగ్గం తెలియని పిల్లలు కూడా చదువుతారు కాబట్టి కొంచెం వివరిస్తాను. నిలువు దారాలను పడుగు అంటాం. మగ్గం ఎక్కించేముందు ఆ దారాలకు గంజి పట్టించాలి, లేకుంటే నేసేటప్పుడు తెగిపోతాయి. పొద్దున్నే వీధి పొడుగునా కర్రలు నిలబెట్టి, పడుగును వాటి మీద సాగదీసి, గంజి పూసి, పెద్ద కుంచెలతో ఇద్దరిద్దరు నడుస్తూ దువ్వుతారు. దారం దారానికి అంటకుండా ఆరాలి. ఆరేదాకా వీధి వీధంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. పచ్చి గంజి మీద వాన పడినా, దుమ్ముగాలి కొట్టినా ఆ దారం ఇంక దేనికీ పనికిరాదు. అందుకని వాళ్ళ వీధి చివర మంచమేసుకుని ఒక ముసలాయన ఆకాశం చూస్తూ కూర్చునేవాడు. మోకాళ్ళు పోయి మగ్గం దిగినవాడు. పిల్లలు ఆయనకు మబ్బుల తాత అని పేరు పెట్టినారు. ఆయన "వచ్చె, వచ్చె!" అని అరిస్తే పడుగు ఎత్తాలి. ఈ మధ్య ఆయన కండ్లకు పొర వచ్చింది. ఒకసారి ఈ పాప నాయన పడుగు అట్లనే పోయింది. తాత అరిచేలోపల వాన వీధిలో ఉంది.

పాప ఆలోచన ఇది. వాళ్ళ అవ్వ, అంటే అమ్మ తల్లి, ఎమ్మిగనూరుకు పడమట ఒక పల్లెలో ఉంది. వాన ఎక్కువగా ఆ దిక్కునుంచే వస్తుంది. అవ్వ మిద్దె మీద గాలిని, చల్లదనాన్ని పసిగట్టే పెట్టె ఒకటి పెడితే, వానకు ముందర వచ్చే గాలి ఆ పల్లెను తాకగానే పెట్టె ఫోన్ సిగ్నలుతో కబురు పంపుతుంది. వీధిలో స్తంభానికి కట్టిన దీపం ఎర్రగా మారి గంట మోగుతుంది. గాలి వీధికి చేరేలోపల పడుగు ఎత్తేయొచ్చు.

నేను ఎన్నో ప్రాజెక్టులు చూసినాను. ఆదోని అంగట్లో కొనుక్కొచ్చి పేరు రాసుకున్నవి. ఇది మాత్రం ఒక వీధి కోసం పుట్టింది. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టినాను. "ఏది కావాలంటే అది తీసుకోండి. పగిలితే నేను చూసుకుంటా" అన్నాను.

ఎండాకాలమంతా వాళ్ళు ఆ పెట్టెతో కుస్తీ పట్టినారు. ఎండకు కరగకుండా తెల్లరంగు పూసినారు. కోతులు పీకకుండా ముళ్ళతీగ చుట్టినారు. కాకి కూర్చోకుండా మేకు దిగ్గొట్టినారు. బకెట్టుతో నీళ్ళు పోసి చూసినారు. మా లెక్చరరు ఒకాయన గైడు. ఆయన అప్పుడప్పుడు వచ్చి, "టైటిల్ ఇంగ్లీషులో పెట్టండి" అని చెప్పి పోయేవాడు.

వానలు మొదలైన తర్వాత ఒక పొద్దున దీపం మొదటిసారి ఎర్రగా వెలిగింది. సెలవు రోజు కాబట్టి నేనూ ఆ వీధిలోనే ఉన్నాను. ఆకాశం తెల్లగా, కడిగిన గిన్నెలాగ ఉంది. మబ్బుల తాత మంచం మీదనుంచి నవ్వినాడు.

"ఏమప్పా ఇది! యాడుండాది వాన? దీపానికి పిచ్చిబట్టిందా?"

"ఎత్తండి తాతా, గాలి మా అవ్వోళ్ళ ఊరు దాటింది" అని పాప అరిచింది.

"మీ అవ్వ తుమ్మిందేమో సూడుమే!" అని ఎవరో అన్నారు. అందరూ తిట్టుకుంటానే ఎత్తినారు. చివరి కర్ర లోపల పెట్టేసరికి దుమ్ము లేచింది. దాని వెనకాలే వాన. మిద్దెల కింద తడవకుండా నిలబడి వీధి వీధంతా ఆ దీపం వైపు చూసింది. మబ్బుల తాత మాత్రం మంచంతో సహా తడిసి కేకలేసినాడు.

"ఒరే, నా ఉద్యోగం పెరికేస్తిరి గదరా! ఇంగ నాకు పింఛనీ ఎవరిస్తారు?"

ఆ తర్వాత కూడా దీపం మాట తప్పలేదు. తాత మంచం లోపలికి పోయింది. ఆయన పొద్దున ఎండెక్కేదాకా నిద్రపోయేవాడు, పుట్టి ఇన్నేండ్లకు కంటినిండా నిద్ర పట్టిందని చెప్పుకునేవాడు. పాప నాయన తక్కువ మాట్లాడే మనిషి. డిప్లొమా అయినాక ఏదైనా అంగట్లో పనికి పెడదామని అంతకుముందు అనుకుంటున్నాడు. ఒకరోజు నా ముందే కూతురితో అన్నాడు. "ఇంతమంది నీ మాట మీద పడుగు పరుస్తాండారు. సదువుకో పో తల్లీ. ఇంజినీరింగో, దాని పైన ఇంగేముంటే అది. ఈ దీపం నిలబడితే నేనూ వీధిలో తలెత్తుకుని నీ ఎనక నిలబడతా."

అదీ సంగతి. ఆ పాప చదువంతా ఆ దీపం మీద నిలబడి ఉంది.

దసరా వచ్చింది. విజయదశమి నాడు కొత్త పడుగు పరిస్తే ఏడాదంతా మగ్గం ఆగదని ఆ వీధివాళ్ళ నమ్మకం. ఆ రోజు ఒక్క ఇంటిది కాదు, ఇంటింటి పడుగూ వరసగా వీధిలోకి వస్తుంది. మా లెక్చరరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోనుతో వీడియో తీయడానికి ఆదోని నుంచి వచ్చినాడు. ఏదో పోటీకి పంపాలట. కోసిగి పిల్లోడు పండగకు ఊరికి పోకుండా పాపతోనే ఉన్నాడు. ఊర్లో ఎవరున్నారని పోతాడు, వాళ్ళమ్మానాయనా అప్పటికే మిరప చేలకు పోయినారు.

పొద్దున్నుంచి దీపం పచ్చగా ఉంది. గంజి పూసినారు. కుంచెలు నడుస్తున్నాయి. ఆడవాళ్ళు ముగ్గుల మీద అడుగు పడకుండా కర్రలు సర్దుతున్నారు. పిల్లోడు ఫోను చూసి పాప పక్కకు వచ్చినాడు.

"మే, గాలి సున్నా అంటాంది. తెల్లారినప్పటి నుంచీ చూస్తాండా, సున్నానే. మిద్దె మీద అంత సున్నా ఎప్పుడన్నా చూసినామా?"

"పండగ గదా, గాలి గూడా సెలవు పెట్టిందేమో" అంది పాప. అన్నది కానీ మొహంలో నవ్వు లేదు. "అవ్వకు ఒక ఫోన్ చేద్దాం ఉండు."

"ఫోన్లు తర్వాత" అన్నాడు లెక్చరరు. "రీడింగు ఎంత స్థిరంగా ఉందో చూడు, చాలా బాగుంది. వెలుతురు పోకముందే మాట్లాడేసెయ్యి. ఇటు చూడు. నవ్వు."

పాప ఫోను జేబులో పెట్టుకుని కెమెరా వైపు తిరిగింది. "ఇప్పుడు దీపం పచ్చగా ఉంది. అంటే వాన భయం లేదని అర్థం" అని చెప్పింది. ఆ మాట బాగా రాలేదని ఆయన మళ్ళీ చెప్పించినాడు.

వెలుతురు ఎందుకు పోతోందో ఆయనా ఆలోచించలేదు, మేమూ ఆలోచించలేదు. ఆలోచించింది మబ్బుల తాత ఒక్కడే. అరచెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని పడమటికి చూసినాడు.

"అమ్మీ, ఆ పక్క నల్లగైతాందేమో సూడు."

పాప దీపం వైపు చూసింది. "పచ్చగనే ఉండాది తాతా."

"అట్లనా. నా కండ్లకు పొర గానీ, దీపానికి పొర ల్యాదు గదా" అని ఆయన కూర్చున్నాడు.

గాలి వచ్చింది. ముందర కర్రలు ఒరిగినాయి, తర్వాత దుమ్ము వచ్చి పచ్చి గంజి మీద కూర్చుంది, తర్వాత వాన. ఎత్తడానికి చేతులు చాలలేదు. పట్టుకున్నచోటల్లా దారం ముద్దై వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు కప్పినారు. వీధి వీధంతా పడుగు మీద వంగి ఉంటే, వాళ్ళ తలల పైన స్తంభం మీద దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది.

పాప ఆ వానలోనే నిలబడి దాన్నే చూస్తోంది. ఒకామె, ముద్దైపోయిన దారం చేతిలో పట్టుకుని, "ఆ దీపం పీకి మీ కాలేజీలో పెట్టుకోండి నాయనా. అందంగా ఉంటాది" అనింది. అంతే. లెక్చరరు ఫోను తుడుచుకుని, అడక్కుండానే చుట్టుపక్కలవాళ్ళకు చెప్పినాడు. "ఇది వాళ్ళు సొంతంగా చేసుకున్నది. కళాశాలకు సంబంధం లేదు."

వాన వెలిసినాక పాప, పిల్లోడు, నేను ఆటో పట్టుకుని అవ్వ ఊరికి పోయినాం. పిల్లోడు బ్యాటరీ పోయిందేమో అన్నాడు దారిలో. పోతే అసలు కబురే రాదు గదా అని తనే అనుకున్నాడు.

అవ్వ వాకిట్లోనే ఎదురొచ్చింది. గుమ్మడికాయ పగలగొట్టిన ముక్కలు ఇంకా గడప పక్కన ఉన్నాయి.

"రా నా బంగారూ! పండగపూట తడిసొచ్చినావేందే? ఎట్ల పనిజేసింది నీ మిషను? నిన్న దానికి పూజ సేసినా. అందరూ ట్రాక్టర్లకు సేసుకుంటారు, బోరుమోటార్లకు సేసుకుంటారు. నా మనమరాలు సేసినదానికి ఎవరు సేస్తారు? పక్కింటోని మెడబట్టి మిద్దెక్కిచ్చినా."

మేం మిద్దె ఎక్కినాం. బంతిపూల దండ. ఎంత అందంగా కట్టిందో చెప్పలేను, మధ్యమధ్యలో మరువం కూడా గుచ్చింది. గాలికి ఎగిరిపోకుండా సగం బంతుల చుట్టూ తిప్పి, ఇరుసుకు దారంతో గట్టిగా ముడేసినారు. పెట్టెకు ఊపిరాడే బెజ్జాల నిండా గంధం మెత్తి, దాని మీద కుంకుమ పెట్టినారు. గాలి మా మొహాలకు కొడుతోంది. ఆ చక్రం మాత్రం పూజలో కూర్చున్న పెండ్లికొడుకులాగ కదలకుండా ఉంది.

పిల్లోడు నోరు తెరిచినాడు. పాప వాడి చెయ్యి పట్టుకుంది.

కింద నుంచి అవ్వ అరిచింది. "సెప్పవేందే, బాగ పనిజేసిందా?"

"బాగా చేసిందవ్వా!" అని పాప గొంతెత్తి జవాబు చెప్పింది. తర్వాత కూర్చుని, ముడి ఒక్కొక్క పోగూ గోటితో విప్పింది. తెంపలేదు. దండ తీయగానే చక్రం గిర్రున తిరిగింది. పిల్లోడి ఫోనులో అంకె లేచింది. ఊర్లో ఆ వీధి దీపం ఆ క్షణంలో ఎర్రబడి ఉంటుంది. గంట కూడా మోగి ఉంటుంది. ఆ వీధివాళ్ళకు అది ఎట్ల వినిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మెట్ల మీద పాప ఆగింది.

"పెద్దనాయనా, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు."

"ఎందుకు చెప్పొద్దమ్మీ? నీ తప్పేముంది ఇందులో?" అని నేను ఎగిరినాను.

"చెబితే మా అవ్వ ఇంక మా వీధిలోకి రాలేదు. ప్రతి పండగకూ వస్తుంది. ఆ ముసలిది మా నోటికాడి కూడు చెడగొట్టిందంటారు."

"అంటే అననీ!"

"మేం కోతిని తలుచుకున్నాం, కాకిని తలుచుకున్నాం. దసరాను తలుచుకోలేదు. అది మేం మర్చిపోయింది గదా పెద్దనాయనా, మా అవ్వ చేసింది కాదు గదా."

పిల్లోడు గోడకు పిడికిలి కొట్టినాడు. కానీ వాడూ మాటిచ్చినాడు, నేనూ ఇచ్చినాను.

సెలవుల తర్వాత స్టాఫు రూములో పంచాయితీ పెట్టినారు. పాపను, పిల్లోణ్ణి నిలబెట్టినారు. నేను టీ గ్లాసులు ఇచ్చే నెపంతో లోపలే ఉన్నాను. ఇక్కడ, పిల్లలూ, నా కోపం మీరు జాగ్రత్తగా వినాలి. ఎంతో చదువుకున్నవాళ్ళు ఆ గదిలో ఉన్నారు. గోడ మీద శాస్త్రవేత్తల పటాలు ఉన్నాయి. వాళ్ళు అడిగిన ప్రశ్న, "ఎవరిది తప్పు?" అని. "నాదే సార్" అంది పాప. అక్కడితో అందరికీ మనసు కుదుటపడింది. చక్రం ఎందుకు సున్నా చూపింది, అంతకుముందు ఎప్పుడైనా చూపిందా, పోయి చూసినారా, ఏం కనిపించింది అని ఒక్కరు, ఒకే ఒక్కరు అడగలేదు. తనకు తానుగా చెప్పననింది గానీ, నిదానంగా కూర్చోబెట్టి ఎందుకని అడిగితే, ఆ పాప అబద్ధం ఆడే మనిషి కాదు. అవ్వ పేరు ఎత్తకుండానే, "చక్రానికి ఏదో అడ్డం పడింది సార్, అట్ల పడితే తెలుసుకునే ఏర్పాటు చెయ్యాల" అని చెప్పి ఉండేది. ఇంకో నెలలో దీపం మళ్ళీ వెలిగేది. ఎవరు అని అడిగితే పోలీసు స్టేషను. ఎందుకు అని అడిగితే ప్రయోగశాల. మా కళాశాల ఆ రెండింట్లో ఏదో ఆ పొద్దు తేలిపోయింది.

లెక్చరరు చివర్లో అన్నాడు. "ఆడపిల్లవి, మంచి మార్కులు తెచ్చుకో చాలు. వీధుల్లో ప్రయోగాలు మనకెందుకమ్మా?" అవ్వ మిద్దె మీదనుంచి దింపించిన పెట్టెను బీరువాలో పెట్టి తాళం వెయ్యమని నాకే చెప్పినారు.

వీధిలో కూడా అంతే. మంచం మళ్ళీ బయటికి వచ్చింది. పొర వచ్చిన కండ్లతో తాత మళ్ళీ ఆకాశం చూడ్డం మొదలుపెట్టినాడు. ఎవరైనా ఆ పాపను తిడితే మాత్రం ఊరుకునేవాడు కాదని విన్నాను. "ఆ బిడ్డ నాకు నిద్ర పెట్టిందిరా, మీరేం పెట్టినారు?" అనేవాడట. ఇంజినీరింగు ప్రవేశ పరీక్షకు ఫీజు కట్టే రోజులు వచ్చినాయి, పోయినాయి. పాప నాయన ఆ మాట ఎత్తలేదు, ఆ పాపా అడగలేదు. కోసిగి పిల్లోడు డిప్లొమా ముగించి బెంగళూరులో లిఫ్టులు బిగించే పనికి పోయినాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చి, "ఊరికి మేలు చెయ్యాలంటే ఊర్లో ఉండాల గదన్నా, మనకు ఊరెక్కడిది?" అన్నాడు. వాణ్ణి బస్సు ఎక్కించి వచ్చినాను.

యువత సైన్సు వైపు రావాలని ఇప్పుడు గోడల మీద రాస్తున్నారు, ఉపన్యాసాలు ఇస్తున్నారు. నాకు నవ్వొస్తుంది. వచ్చినారయ్యా! పిలవకుండానే వచ్చినారు, చేతిలో సగం కోసిన బంతులు పట్టుకుని. రానిచ్చినామా? ఒక్క వాన తప్పినందుకే వాకిలి వేసేస్తిమి. ఒక మగ్గం మొదటి గుడ్డ చెడితే మగ్గాన్ని పొయ్యిలో పెట్టుకుంటామా? దారం సరిచేసి మళ్ళీ నేస్తాం. ఆ వీధివాళ్ళకు ఈ సంగతి పుట్టుకతో తెలుసు. ఆ తెలివిని కూతుళ్ళ చదువు దగ్గర ఎందుకు వాడలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పోయిన చలికాలంలో ఆ అవ్వ చనిపోయింది. తన దండ ఏం చేసిందో ఆమెకు చివరిదాకా తెలియదు. నాకు సంతోషమే. మాట విడిపించుకోవడానికి నేను ఈ మధ్య ఆదోని పోయినాను. పాప అక్కడ ఒక ఫోన్ల అంగట్లో పనిచేస్తోంది. అంగడి పేరున్న నీలం చొక్కా వేసుకుని, పక్కన నిలబడిన పిల్లకు పని నేర్పిస్తోంది. నన్ను చూసి బయటికి వచ్చింది. అరుగు మీద కూర్చున్నాం.

"రాసుకో పెద్దనాయనా. ఇంగెవరికి ఇబ్బంది?" అంది. "ఇప్పుడు వాన సంగతి అందరికీ ఫోన్లోనే వస్తాంది లే."

"అది మండలానికంతా ఒకటే వాన చెబుతుంది. మీ వీధికి ఎప్పుడొస్తుందో చెబుతుందా?"

"చెప్పదు" అంది.

కాసేపు రోడ్డు మీద ఆటోలను చూసినాం. ఏదో అడగాలని, మామూలుగానే అడిగినాను. "మళ్ళీ చేస్తే, ఏం మారుస్తావు అమ్మీ?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చక్రాలు రెండు పెడతా. ఒకటి మిద్దె మీద, ఒకటి మనిషి పోలేని ఎత్తులో. రెండూ ఒకే మాట చెప్పకపోతే నమ్మకూడదు. ఇంకొకటి, గాలి చాలాసేపు సున్నా అంటే దీపం పచ్చగా ఉండకూడదు పెద్దనాయనా. పచ్చా కాదు, ఎరుపూ కాదు. ఆరిపోవాల. తెలీనప్పుడు తెలీదని చెప్పాల గదా. అప్పుడు తాత మంచం మీద కూర్చుని చూస్తాడు. తాతను లోపలికి పంపించకూడదు, ఆయన్ను కూడా లెక్కలో పెట్టుకోవాల. పైన పెట్టెకు పక్కనే పూజకు ఒక రాయి పెడతా, దండ దానికి వేసుకునేట్టు..."

వేళ్ళతో గాలిలో గీస్తూ చెబుతోంది. ఆ చేతులు ఇన్నేండ్లుగా లోపల్లోపల ఆ పెట్టెను కడుతూనే ఉన్నాయని నాకు అప్పుడు తెలిసింది. ఎవరన్నా అడుగుతారని కూడా కాదు. అడిగేవాళ్ళు లేకపోయినా.

లోపలినుంచి యజమాని పిలిచినాడు, ఎవరో కొత్త ఫోను చూపించమంటున్నారని. ఆమె మాట సగంలో ఆపి, "వస్తా పెద్దనాయనా" అని చొక్కా సర్దుకుని లోపలికి పోయింది. రాయి ఎంత ఎత్తు పెడుతుందో చెప్పబోతోందని అనుకుంటాను. నేను ఎమ్మిగనూరు బస్సు రెండుసార్లు వదిలేసి ఆ అరుగు మీదనే కూర్చున్నాను. ఆమె మళ్ళీ బయటికి రాలేదు. లోపల బేరం ఎక్కువగా ఉంది.